కారు డీటెయిలింగ్‌కు ఎంత సమయం పట్టాలి? సేవా సమయాన్ని లెక్కకట్టడం: ఒక ఉదాహరణ

గత పాఠంలో ఒక వస్తువు తయారీకి ప్రామాణిక సమయాన్ని ఎలా నిర్ణయిస్తారో చదివారు. కర్మాగారంలో వస్తువులన్నీ ఒకే మూసలో వస్తాయి కాబట్టి అక్కడ ఆ లెక్క సులువు. సేవల్లో అలా కుదరదు. వచ్చే ప్రతి కారు, ప్రతి రోగి, ప్రతి చీర ఒక్కోలా ఉంటాయి. అయినా సేవ చేసేవాడు "ఎప్పటికి అవుతుంది?" అన్న ప్రశ్నకు ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు. ఆ జవాబు తప్పితే ఎవరికి, ఎలా నష్టమో ఈ పాఠంలో ఒకే ఒక్క ఉదాహరణతో పరిశీలిద్దాం.

ఆ ఉదాహరణ కారు డీటెయిలింగ్. దీన్ని ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. మన సంప్రదింపు తరగతులకు వచ్చేవారిలో షెడ్లలో పనిచేస్తూ చదువుకుంటున్న యువకులు కొందరు ఎప్పుడూ ఉంటారు. రెండో కారణం నా సొంత అనుభవం. అది కాస్త తరవాత చెబుతాను.

వాటర్ సర్వీసింగ్ వేరు, డీటెయిలింగ్ వేరు

కారును ర్యాంపు ఎక్కించి, అడుగున నీళ్లు కొట్టి, షాంపూ నురుగుతో కడిగి, లోపల వ్యాక్యూమ్ పెట్టి, డ్యాష్‌బోర్డుకు మెరుపు పూసి ఇవ్వడం వాటర్ సర్వీసింగ్. గంట, గంటన్నరలో అయిపోతుంది. అందులో తప్పేమీ లేదు, అది చెయ్యాల్సిన పని అదే.

డీటెయిలింగ్ ఉద్దేశం వేరు. పెయింటులోకి దిగిన మురికిని తీయడం, పెయింటు మీది సన్నని గీతలను వీలైనంత తగ్గించడం, తిరిగి పాడవకుండా పైన ఒక రక్షణ పొర వేయడం, లోపల సీట్ల గుడ్డలోకి ఇంకిన మరకలను కూడా తీయడం. మొదటిది మురికిని కడిగే పని, రెండోది కారు ఉపరితలాన్నే బాగుచేసే పని. ఈ తేడా మనసులో ఉంచుకుంటే సమయం లెక్క సగం అర్థమైనట్టే.

పెయింటు ఎంత మందం?

ఇప్పటి కార్ల లోహం మీద తుప్పు పట్టకుండా వేసే పొర, ప్రైమర్, రంగు పొర, అన్నిటికన్నా పైన రంగు లేని పారదర్శక పొర ఉంటాయి. పైదాన్ని క్లియర్ కోట్ అంటారు. కర్మాగారం నుంచి వచ్చిన కారుపై ఈ పొరలన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ కోట్ సుమారు 40, 50 మైక్రాన్లు మాత్రమే. మన తల వెంట్రుక మందం కన్నా ఇది తక్కువ.

ఎండలో నిలబెట్టిన కారు మీద సాలెగూడు ఆకారంలో కనిపించే గీతలు ఈ క్లియర్ కోట్ మీద పడినవే. ధూళి ఉండగానే పొడిగుడ్డతో తుడవడం, అందరి కార్లకూ వాడిన ఇసుక గుడ్డనే మన కారుకూ వాడడం వాటికి ముఖ్య కారణాలు. పాలిష్ చేయడమంటే గీతను పూడ్చడం కాదు. గీత అడుగు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను కొన్ని మైక్రాన్ల మేర అరగదీసి సమతలం చేయడం. అరిగిన పొర తిరిగి రాదు. మళ్లీ కావాలంటే ఆ భాగానికి పెయింటు వేయించాల్సిందే. అందుకే ఈ పనిలో తొందర ఖరీదైనది. తొందరలో పనివాడు గరుకు ప్యాడ్ ఎక్కించి, మెషీన్ వేగం పెంచి, ఒకేచోట నొక్కి తిప్పుతాడు. పెయింటు వేడెక్కుతుంది. బానెట్ అంచులు, డోర్ల మడతల దగ్గర పొర ఇంకా పలచగా ఉంటుంది. కాలిపోయేది ముందుగా అక్కడే.

పని ఏ వరసలో సాగుతుంది

ముందు చక్రాలు కడుగుతారు. మురికి ఎక్కువగా ఉండేది వాటికే, పైగా ఆ బ్రష్షులు, ఆ నీళ్లు బాడీకి తగలకూడదు. తరవాత బాడీని నీళ్లతో, నురుగుతో నానబెట్టి, రెండు బకెట్ల పద్ధతిలో కడుగుతారు. ఒక బకెట్‌లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో గుడ్డ జాడించడానికి మంచినీళ్లు. పైనుంచి కిందికే రావాలి.

ఇక్కడ మన ప్రాంతపు ఇబ్బంది ఒకటుంది. హైదరాబాద్‌లో చాలా షెడ్లు నడిచేది బోరు నీటి మీదే. ఉప్పదనం ఎక్కువున్న నీళ్లు పెయింటు మీద ఆరితే కాల్షియం, మెగ్నీషియం లవణాల తెల్లటి మచ్చలు మిగులుతాయి. ఎండలో కడిగితే షాంపూ కూడా అలాగే ఎండిపోతుంది. కాబట్టి నీడలో, ఒక్కో భాగాన్నీ తడి ఆరకముందే మెత్తటి మైక్రోఫైబర్ తువ్వాలుతో అద్దుకుంటూ పోవాలి. ఈ ఒక్క జాగ్రత్తకే అరగంట అదనంగా పట్టవచ్చు. కానీ అది వృథా సమయం కాదు.

కడిగాక కూడా పెయింటు మీద అరచెయ్యి ఆనిస్తే గరుకుగా తగులుతుంది. బ్రేకుల నుంచి లేచిన ఇనుప రజను అందులో గుచ్చుకుని ఉంటుంది. దానికొక ద్రావణం చల్లితే ఇనుమున్న చోటల్లా ఊదారంగు ధారలు కడతాయి. కొన్ని నిమిషాలు ఆగాలి, కానీ ఆరనివ్వకూడదు. తారు మచ్చలకు వేరే ద్రావణం. ఇంకా మిగిలినదాన్ని జారుడు ద్రవం చల్లుతూ క్లే ముద్దతో రుద్ది తీస్తారు. తరవాత నల్ల ప్లాస్టిక్, రబ్బరు అంచులకు టేపు వేసి, మందం కొలిచే మీటరుతో పెయింటును అక్కడక్కడా చూసి, బానెట్ మీద ఒక చిన్న గడిలో ప్రయోగం చేస్తారు. ఏ ప్యాడ్, ఏ కాంపౌండ్ సరిపోతాయో ఆ గడే చెబుతుంది. మామూలు షెడ్లలో ఎక్కువగా ఎగ్గొట్టేది ఈ ప్రయోగాన్నే.

లెక్క కడదాం

మధ్యస్థాయి సెడాన్ కారునే తీసుకుందాం. పాలిష్ మెషీన్‌తో ఒక్కసారికి ఒకటిన్నర నుంచి రెండు అడుగుల చదరపు గడి మాత్రమే చేయగలరు. బానెట్ 6 గడులు, పైకప్పు 6, డిక్కీ మూత 2, నాలుగు డోర్లు 8, ముందు ఫెండర్లు 2, వెనక పక్కలు 4, రెండు బంపర్లు 6. మొత్తం 34 గడులు.

ఒక్కో గడిలో మెషీన్‌ను నాలుగైదు సార్లు నెమ్మదిగా నడపాలి, మిగిలిన పొడి తుడవాలి, లైటు పెట్టి చూడాలి, ప్యాడ్ శుభ్రం చేయాలి. సగటున 5 నిమిషాలనుకుందాం. 34 గడులకు 170 నిమిషాలు, అంటే 2 గంటల 50 నిమిషాలు. చాలామంది లెక్క ఇక్కడే ఆపేస్తారు. పరీక్షలో మీరూ ఆపేస్తే సగం మార్కులే వస్తాయి.

మనం గమనించిన పనివాడు మామూలు కన్నా చురుకైనవాడు, అతని వేగం రేటింగ్ 110 శాతం అనుకోండి. అప్పుడు సాధారణ సమయం 5 × 1.10 = 5.5 నిమిషాలు. అలసట, మంచినీళ్లు, వైరు సర్దుకోవడం, ప్యాడ్ మార్చడం వంటివాటికి 15 శాతం సడలింపు కలిపితే ప్రామాణిక సమయం 5.5 × 1.15, దాదాపు 6.3 నిమిషాలు. ఇప్పుడు 34 గడులకు 3 గంటల 35 నిమిషాలు. తేడా ముప్పావు గంట. గీతలు లోతుగా ఉంటే మొదట కాంపౌండ్, తరవాత పాలిష్ అని రెండు దశలు చేయాలి. అప్పుడు తేడా గంటన్నర. "సాయంత్రం ఆరింటికి రండి సార్" అని చెప్పి ఏడున్నర దాకా కూర్చోబెట్టడంలో అబద్ధం ఉండాల్సిన అవసరం లేదు, సడలింపు మరచిన లెక్క చాలు.

మిగతా పనులూ కలుపుదాం. కడగడం, రజను, తారు తీయడం రెండున్నర గంటలు. టేపు, పరిశీలన అరగంట. రెండు దశల పాలిష్ 7 గంటల 10 నిమిషాలు. ఆల్కహాల్ ద్రావణంతో తుడిచి పరీక్షించడం గంట. సిరామిక్ కోటింగ్ పూయడం 2 గంటలు. లోపలి పని 4 గంటలు. మొత్తం సుమారు 17 పని గంటలు. ఎస్‌యూవీ అయితే గడులు పెరుగుతాయి. నల్ల కారైతే గడులు అన్నే ఉన్నా ప్రతి చిన్న గీతా కనిపిస్తుంది కనుక రెండో దశ నెమ్మదిగా సాగుతుంది. ఏడాది లోపు కారు, గీతలు పెద్దగా లేవు, ఒక్క దశ పాలిష్, మామూలు మైనం పూత చాలనుకుంటే, సీట్లకు షాంపూ కూడా అవసరం లేకపోతే ఇదంతా 7, 8 గంటలకు తగ్గుతుంది. కాబట్టి "ఎంత సమయం?" అన్న ప్రశ్నకు అన్ని కార్లకూ సరిపోయే ఒకే సంఖ్య లేదు. ఏ కారు, ఏ స్థితిలో ఉంది, ఏమేమి చేస్తున్నారు అన్నవి తెలిశాకే సంఖ్య వస్తుంది.

ఇద్దరు చేస్తే సగమవుతుందా?

ఇటుకలు పేర్చే పనిని గమనించి ఫ్రాంక్ గిల్‌బ్రెత్ అందులోని 18 కదలికలను దాదాపు 5కు తగ్గించాడని గత పాఠంలో చదివారు. డీటెయిలింగ్‌లోనూ అలా తగ్గించదగినవి ఉన్నాయి. తువ్వాళ్లు ముందే రంగుల వారీగా మడిచి పెట్టుకోవడం, ప్యాడ్లు, సీసాలు ఉన్న బండిని కారు చుట్టూ తనతో తిప్పుకోవడం వంటివాటితో మంచి షెడ్డు రోజుకు గంట మిగుల్చుకుంటుంది.

కానీ ఈ పనిలో చేతులతో సంబంధం లేని సమయమూ ఉంది. ద్రావణం పనిచేసే నిమిషాలు, సీట్లు ఆరే గంటలు, కోటింగ్ గట్టిపడే రాత్రి. సిరామిక్ కోటింగ్ పూశాక సాధారణంగా 12 నుంచి 24 గంటల దాకా నీటి చుక్క పడకూడదు. పూర్తిగా గట్టిపడడానికి వారం వరకూ పడుతుంది కాబట్టి ఆ వారం కడగవద్దంటారు. నలుగురు పనివాళ్లను పెట్టినా ఇది తగ్గదు. షాంపూ పట్టించిన సీట్లు హైదరాబాద్ ఏప్రిల్ ఎండకు మధ్యాహ్నంలోగా ఆరిపోవచ్చు. అవే సీట్లు విశాఖలో ముసురు పట్టిన ఆగస్టులో మర్నాటికీ తడిగానే ఉంటాయి. తడి సీట్లతో అద్దాలు మూసి కారు అప్పగిస్తే నాలుగో రోజుకు బూజు వాసన మొదలవుతుంది.

పని గంటలను కూడా పూర్తిగా సగం చేయలేం. పక్క డోర్లు పాలిష్ అవుతుంటే అవే డోర్లు తెరిచి లోపల పని చేయలేరు. కోటింగ్ పూస్తున్నప్పుడు దగ్గర్లో ధూళి రేగకూడదు. 17 పని గంటలను ఇద్దరు పంచుకుంటే ఎనిమిదిన్నర కాదు, పదో పదకొండో అవుతాయి. ఆ తరవాత ఆరే సమయం. కనుక మనం తీసుకున్న కారును ఇద్దరు చేసినా ఈ ఉదయం ఇస్తే ఎల్లుండి ఉదయం తీసుకెళ్లడం న్యాయమైన గడువు. ఒక్కడే చేస్తే ఇంకొక రోజు.

కొనేవాడికి కనిపించనిది

ఇప్పుడు నా సంగతి. మా అమ్మాయి పెళ్లికి ముందు ముదురు నీలం కారును ఒకచోట ఇచ్చాను. "మూడు గంటల్లో అద్దంలా చేసిస్తాం సార్" అన్నారు. అలాగే చేశారు. పెళ్లి ఫొటోల్లో కారు మెరిసిపోతోంది. మూడోసారి కడిగాక ఒక రాత్రి పెట్రోలు బంకులో ట్యూబులైట్ల కింద ఆపితే పాత గీతలన్నీ తిరిగి కనిపించాయి. వాటితో పాటు మెషీన్ తిరిగిన గుండ్రటి చారలు కొత్తగా చేరాయి. గీతలను అరగదీయలేదు, నూనె, పూడిక పదార్థాలున్న పాలిష్‌తో కప్పారు. నాలుగు కడుగులకు ఆ కప్పు కరిగిపోయింది. ఆల్కహాల్‌తో తుడిచే ఆ గంట పని ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. కప్పినదాన్ని తుడిచేసి, అడుగున నిజంగా ఏముందో చూపించేది అదే. సేవా నిర్వహణ మీద పాతికేళ్లకు పైగా పాఠాలు చెప్పిన నేను, ఆ మూడు గంటల్లో ఏం చేస్తారని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

సేవల గుణాలను ఆర్థికవేత్తలు మూడు రకాలుగా చూస్తారు. కొనకముందే చూసి తెలుసుకోగలిగినవి, వాడాక తెలిసేవి అన్న విభజన 1970లో ఫిలిప్ నెల్సన్ చేసింది. వాడిన తరవాత కూడా సామాన్యుడు సులభంగా తేల్చుకోలేనివి మూడో రకం. వాటిని 1973లో డార్బీ, కార్నీ చేర్చారు, విశ్వాస గుణాలన్నారు. కారు మెరుపు మొదటి రకం. ఆ మెరుపు ఎన్నాళ్లుంటుందన్నది రెండోది. క్లియర్ కోట్ ఎన్ని మైక్రాన్లు మిగిలిందన్నది అచ్చంగా మూడోది. మీటరు లేనిదే యజమానికి ఎన్నటికీ తెలియదు. ఇలాంటి చోట కొనేవాడికి అందుబాటులో ఉండే ఆనవాళ్లలో సమయం ఒకటి. అయితే జాగ్రత్త. కారును మూడు రోజులు షెడ్డులో ఊరికే నిలబెట్టి మూడు గంటల పని చేసేవాళ్లూ ఉన్నారు. అడగాల్సింది ఎన్ని గంటలని కాదు, ఏ గంటలో ఏం చేస్తారని. నిజంగా చేసేవాడు తడుముకోకుండా చెబుతాడు.

ధరను గంటల్లోకి మార్చి చూడడం ఇంకో పద్ధతి. కూలీ, అద్దె, కరెంటు కలిపి షెడ్డుకు గంటకు 250 రూపాయల ఖర్చు అనుకుందాం. రెండు దశల పాలిష్, కోటింగ్, లోపలి పని అన్నీ 3,000 రూపాయలకే అంటే ఆ డబ్బుకు 12 గంటలే వస్తాయి, అదీ సామగ్రికీ లాభానికీ ఏమీ మిగలకుండా. మన లెక్క 17 గంటలు. మిగిలిన ఐదు గంటలు ఎక్కడో ఒకచోట కోసుకుంటారు. అది యజమాని చెడ్డవాడు కావడం వల్లే అనుకోనక్కరలేదు. పక్క షెడ్డు ధర చూసి తన ధర చెప్పి, తరవాత గంటలు కుదించుకున్నవాళ్లే ఎక్కువ. మీలో ఎవరైనా ఈ పనిలోకి దిగాలనుకుంటే ముందు గంటలు కట్టి, తరవాత ధర చెప్పండి.

అభ్యాసం

మీ షెడ్డులో మీరొక్కరే పనివారు. జులై నెల, బయట జల్లు పడుతోంది. ఉదయం 10 గంటలకు ఒక తెల్లని చిన్న కారు వచ్చింది. దానికి 26 గడులు, ఒక్క దశ పాలిష్. గడికి గమనించిన సమయం 4 నిమిషాలు, రేటింగ్ 100 శాతం, సడలింపు 15 శాతం. కడగడం, శుద్ధి చేయడం 2 గంటలు, మైనం పూత 1 గంట, సీట్ల షాంపూ 2 గంటలు. యజమానికి కారు సాయంత్రం 6 గంటలకు కావాలి, ఆ రాత్రే ఊరికి బయలుదేరుతున్నాడు.

(అ) పాలిష్‌కు ప్రామాణిక సమయం, మొత్తం పని గంటలు లెక్కించండి.
(ఆ) పని గంటల ప్రకారం గడువు సరిపోయినట్టు కనిపించినా ఇందులో ఏ పనికి మీరు ఒప్పుకోకూడదు? ఆ మాట యజమానికి చెప్పేటప్పుడు ఏ కారణం చూపుతారో ఐదారు వాక్యాల్లో రాయండి.