సాఫ్టువేరులో అంకగణిత నియమాలు

అంకగణిత పరిక్రియలను ఏ వరుసలో చేయాలి, సంఖ్యలను ఎలా చదవాలి అన్న విషయాలకు గణితశాస్త్రంలో స్థిరపడిన సంప్రదాయాలు ఉన్నాయి. సాఫ్టువేరులు మాత్రం వాటి రూపకర్తలు నిర్ణయించిన నియమాల ప్రకారమే లెక్కిస్తాయి. ఈ రెండింటికీ తేడా ఉన్నచోట సాఫ్టువేరు ఏ హెచ్చరికా లేకుండానే వేరొక జవాబు ఇస్తుంది.

పరిక్రియల క్రమం

గణితంలో −3² విలువ −9. ముందు ఘాతాన్ని లెక్కించి, తరువాత ఋణ గుర్తును చేరుస్తారు. పైథాన్ భాష కూడా ఇదే పద్ధతిని పాటిస్తుంది. ఎక్సెల్‌లో =-3^2 అని రాస్తే 9 వస్తుంది; అందులో సంఖ్యకు ముందున్న ఋణ గుర్తుకు ఘాతం కంటే ప్రాధాన్యం ఎక్కువ. =0-3^2 అని రాస్తే ఆ గుర్తు తీసివేత అవుతుంది కనుక -9 వస్తుంది. అలాగే 2^3^2 విలువ గణితంలో 512 కాగా, ఎక్సెల్ ఎడమవైపు నుండి లెక్కించి 64 అని చూపిస్తుంది.

దశాంశ బిందువు, గుంటలు

రాసేవారి ఉద్దేశం సాఫ్టువేరుకు తెలియకపోవడం వల్ల కూడా పొరపాట్లు జరుగుతాయి. సంగారెడ్డి జిల్లాలోని (2016కు ముందు మెదక్ జిల్లా) నారాయణఖేడ్‌లో, తెలంగాణలోని ఇతర ప్రాంతాలలో వలెనే, భూమిని ఎకరాలు, గుంటలలో కొలుస్తారు. ఎకరానికి 40 గుంటలు. గుంటకు 121 చదరపు గజాలు. 2 ఎకరాల 25 గుంటలను 2.25 అని రాయడం వాడుక. ఇక్కడి బిందువు దశాంశ బిందువు కాదు.

2.25, 1.30 విస్తీర్ణాలను కలిపితే 4 ఎకరాల 15 గుంటలు రావాలి. స్ప్రెడ్‌షీటు 3.55 అని చూపిస్తుంది. దానిని దశాంశంగా చదివితే 3 ఎకరాల 22 గుంటలే అవుతుంది. అంటే 33 గుంటలు, 3,993 చదరపు గజాలు, లెక్కలో లేకుండా పోతాయి. పైగా 2.10 అని నింపితే సాధారణంగా 2.1 అని కనిపిస్తుంది. పది గుంటలు ఒక గుంటగా పొరబడే అవకాశముంది. ఎకరానికి 100 సెంట్లుగా లెక్కించే ఆంధ్ర ప్రాంతంలో ఈ చిక్కు రాదు.

సరైన పద్ధతి అన్నింటినీ గుంటలలోకి మార్చడం: 105 + 70 = 175. దీనిని 40తో భాగిస్తే భాగఫలం 4 ఎకరాలు, శేషం 15 గుంటలు.

శేషం

ఋణ సంఖ్యల విషయంలో శేషం కూడా భాషను బట్టి మారుతుంది. -7ను 3తో భాగించినప్పుడు గణిత సంప్రదాయం ప్రకారం శేషం 2. పైథాన్ కూడా 2 ఇస్తుంది. సి భాషలో -1 వస్తుంది.

దశాంశ భిన్నాలు

చాలా కంప్యూటర్లు 1985లో వెలువడిన ఐ.ఇ.ఇ.ఇ. 754 ప్రమాణం ఆధారంగా భిన్నాలను ద్విసంఖ్యామానంలో భద్రపరుస్తాయి. దశాంశ పద్ధతిలో 1/3 అంతం కానట్లే, ద్విసంఖ్యామానంలో 0.1 అంతం కాదు. అందువల్ల పైథాన్‌లో 0.1 + 0.2 విలువ 0.30000000000000004గా కనిపిస్తుంది.

జాగ్రత్తలు

సందేహం ఉన్నచోట బ్రాకెట్లు వాడాలి. ఎకరాలను, గుంటలను వేర్వేరు గడులలో నింపాలి. డబ్బు లెక్కలను పైసలలో పూర్ణసంఖ్యలుగా ఉంచవచ్చు. కొత్త సూత్రాన్ని వాడేముందు, చేతితో లెక్కించి జవాబు తెలుసుకున్న చిన్న ఉదాహరణతో దానిని సరిచూడాలి.