లెక్క అడుగువారి లెక్క

ఊరి ధనమునకు లెక్క చూపుమని అధికారులను అడుగువారు నేడు పల్నాటి పల్లెలందును గలరు. “ముందు నీ లెక్క చూపుము” అని వారికి ఎదురాడువారును గలరు. ఈ ఎదురుమాటలో న్యాయమెంత, నెపమెంత? ఈ సంగతినే నేను నేడు మీకు మనవి చేసెదను.

2005 అక్టోబరు 12న అమలునకు వచ్చిన సమాచార హక్కు చట్టము ప్రకారము, కాగితము కోరువాడు దాని నెందులకు కోరుచున్నాడో చెప్పనక్కరలేదు. మన రాష్ట్రపు నిబంధనలలో గ్రామస్థాయి కార్యాలయమున పెట్టు అర్జీకి రుసుము లేదు. మండలస్థాయిని ఐదు రూపాయలు, ఆపైన పది రూపాయలు. అడుగువాడు మంచివాడా, చెడ్డవాడా యని చట్టము విచారింపదు. ఏలయన, చెరువుకట్టకు వ్రాసిన ఖర్చు నిజమగుటయు కాకపోవుటయు అడిగినవాని గుణమును బట్టి మారదు. కావున “ముందు నీది చూపుము” అని అధికారి పలుకుట జవాబు కాదు, జవాబును తప్పించుకొనుట.

అయినను సంగతి ఇంతటితో ముగియదు. ఒంటిగా ప్రశ్నించు రైతు వేరు; చందాలు వసూలు చేసి పదిమంది పేర మాటలాడు సంఘము వేరు. రైతు ఇంటిపెట్టె తెరువుమనుట అన్యాయము. సంఘమువారు మాత్రము ఎవరియొద్ద ఎంత పుచ్చుకొనిరో, దేనికి వెచ్చించిరో చెప్పవలెను. ప్రభుత్వధనమును గణనీయముగా పొందు స్వచ్ఛంద సంస్థలును ఈ చట్టమునకు లోబడునని 2019లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ప్రభుత్వపు సొమ్ము ముట్టని సంఘమును ఈ చట్టము నిర్బంధింపకున్నను, ధర్మము నిర్బంధించునని నా అభిప్రాయము.

దీనికి తార్కాణము మన యెదుటనే గలదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ఉపాధి హామీ పథకము ప్రారంభమైనది. దానిపై సామాజిక తనిఖీ జరుపుటకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2009లో ఒక ప్రత్యేక సంస్థను నెలకొల్పినది. కూలీల కుటుంబములలోని యువతీ యువకులు, తమ ఊరిలో కాక పొరుగూళ్లలో, మస్తరు కాగితములు చేతబట్టి ఇంటింటికిని పోయి, కూలి ముట్టినదా యని అడిగిరి. చేసిన పనిని కొలిచిరి. కనుగొన్నదానిని గ్రామసభలోను, మండల ప్రజావేదికలోను బిగ్గరగా చదివిరి. తప్పు మోపబడినవారు అక్కడనే బదులు చెప్పుకొనవచ్చును. అనగా, తనిఖీ చేయువారి మాటయు నలుగురి యెదుట పరీక్షకు నిలువవలసినదే. ఆ తనిఖీకైన ఖర్చును ప్రజాధనమే. దాని లెక్కయు ప్రజలదే.

అయితే తెరువరాని తలుపొకటి గలదు. తన కూలి ఎవరో కాజేసిరని రహస్యముగా చెప్పుకొన్న పేదరాలి పేరు బయటపెట్టుమనుట పారదర్శకత కాదు. ఆమెను ఆపదలోనికి త్రోయుట. ధనమును, పెత్తనమును వెలుగులో నుంచవలెను, బలహీనుని కాపాడవలెను.

బ్రహ్మనాయుడు చాపకూడు నేర్పి, తానును సకల కులములవారితో కలిసి భుజించెనని మన పెద్దలు చెప్పుదురు. లోకమునకు చెప్పిన నియమమును తాను పాటించుటయే పెద్దరికము. కనుక మీ గ్రామమున ఏ సంఘమైనను చందా అడిగినచో రసీదు అడుగుడు. ఏటేట జమాఖర్చులు రచ్చబండకడ చదువుమనుడు. వారు చదివినచో వారి మాటకు విలువ హెచ్చును. చదువకున్నచో వారి విలువ తగ్గును గాని, వారడిగిన ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత అధికారికి తీరదు. ఈ రెండు లెక్కలను వేర్వేరుగా అడుగుడని మిమ్ము ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.