కాగితం మీది తేదీ

1789 జూలై 14. పారిస్ జనం బాస్టీల్ కోటను పట్టుకున్న రోజు. ఆ తేదీ పక్కన ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ తన పుస్తకంలో ఒకే ఒక్క మాట రాసుకున్నాడు: ‘ఏమీ లేదు’. తరతరాలుగా ఎందరో ఈ మాటను ఎత్తి చూపించారు. కాళ్ల కింద నేల కదులుతుంటే రాజుకు చీమ కుట్టినట్టయినా లేదనీ, అలాంటి రాజు ఉన్నందువల్లే విప్లవం వచ్చిందనీ చెప్పారు.

నిజానికి అది రాజు మనసు విప్పి రాసుకున్న డైరీ కాదు. చాలావరకు వేట లెక్కల చిట్టా. ఏ రోజు వేటకు వెళ్లాడు, ఏం కొట్టాడు అన్నది అందులో రాసేవాడు. వేట లేని రోజు ‘ఏమీ లేదు’ అని రాసేవాడు. కాగితం అసలుదే, చేతిరాత రాజుదే. ఆ మాటకు మనం చెప్పుకున్న అర్థమే తప్పు.

మన ఊళ్లలో పొలం తగాదా వస్తే పెద్దమనుషులు ముందు దస్తావేజు తెప్పిస్తారు. అది ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఏ తేదీన రాశారు అని చూస్తారు. తగాదా మొదలయ్యాక పుట్టిన కాగితాన్ని అనుమానంగానే చూస్తారు. తగాదా ఊహలో కూడా లేని రోజుల్లో రాసిన చిన్న రసీదుకు దానికంటే ఎక్కువ విలువ ఇస్తారు. యుద్ధాలు, విప్లవాలు ఎందుకు మొదలయ్యాయో తేల్చే చరిత్రకారుడి పని కూడా ఇదే. గెలిచినవాడు తన గెలుపుకు తగ్గ కారణం చెబుతాడు, ఓడినవాడు తన తప్పు తగ్గేలా చెబుతాడు. కాబట్టి ఫలితం తెలియక ముందు రాసిన మాటకు బరువెక్కువ. ఈ కొలత పట్టుకుని ఒక విప్లవాన్నీ ఒక యుద్ధాన్నీ తూచి చూద్దాం.

రొట్టె ధర ఒక్కటే చాలదు

ఫ్రెంచి విప్లవానికి ఆకలే కారణమని చిన్నప్పటి నుంచి చదువుకున్నాం. అందుకు ఆధారాలూ ఉన్నాయి. 1788 జూలైలో పెద్ద వడగళ్ల వాన పడి పారిస్ చుట్టుపక్కల పంట నేలపాలైంది. మామూలు రోజుల్లో 8, 9 సూలు (అప్పటి ఫ్రెంచి నాణేలు) పలికే నాలుగు పౌన్ల రొట్టె 1789 నాటికి పారిస్‌లో పద్నాలుగున్నర సూలకు చేరింది. రోజుకు పాతిక సూలు తెచ్చుకునే కూలివాడి ఇంట్లో ఆ ధరకు పొయ్యి ఎలా వెలుగుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

కానీ కారణాన్ని పరీక్షించడానికి ఒక మంచి పద్ధతి ఉంది. అదే కారణం ఉండీ ఆ ఫలితం రాని సందర్భం వెతకాలి. 1775లోనూ ఫ్రాన్స్‌లో రొట్టె ధర మండిపోయింది. పారిస్ చుట్టూ జనం గిడ్డంగుల మీద, అంగళ్ల మీద పడ్డారు. ఆ అల్లర్లను పిండి యుద్ధం అని పిలుస్తారు. సైన్యం దిగింది, కొద్ది వారాల్లో అంతా సద్దుమణిగింది, రాజ్యం చెక్కుచెదరలేదు. ఆకలి రెండుసార్లూ ఉంది. విప్లవం మాత్రం ఒక్కసారే వచ్చింది.

1789లో తేడా ఏమిటి? మొదటిది, ఖజానా దివాలా. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటన్ మీద పోరుకు ఫ్రాన్స్ పెద్ద ఎత్తున అప్పులు చేసింది. 1788 నాటికి ప్రభుత్వ ఖర్చులో దాదాపు సగం అప్పుల చెల్లింపులకే పోయేది. రెండోది, కొత్త పన్నుల కోసం రాజు 1614 తర్వాత ఎన్నడూ కొలువుదీరని ఎస్టేట్స్ జనరల్ అనే ప్రతినిధుల సభను పిలవాల్సి వచ్చింది. దాంతో దేశమంతా నోరు విప్పింది. మూడోది, తుపాకీ పట్టినవాడు ఏ పక్షాన నిలబడ్డాడన్నది. 1775లో సైనికులు రాజు మాట విన్నారు. 1789 జూలై 14న ఫ్రెంచ్ గార్డ్స్ దళంలోని సైనికులు జనంతో కలిసి ఫిరంగులు లాక్కొచ్చారు.

ఫలితం తెలియక ముందు రాసిన కాగితాలు ఈ విప్లవానికి ఉండడం చరిత్రకారుల అదృష్టం. సభకు ముందు, 1789 తొలి నెలల్లో, ఊరూరా జనం తమ కష్టాలను పుస్తకాల్లో రాయించారు. వాటిని ఫిర్యాదుల పుస్తకాలు అంటారు. ఉప్పు పన్ను, చర్చికి కట్టే దశమ భాగం, జమీందార్ల వసూళ్లు, ప్రభువుల వేట హక్కు వల్ల పాడైన చేలు అన్నీ వాటిలో కనిపిస్తాయి. రాజును దించాలన్న కోరిక మాత్రం లేదు. రాజు తమ తండ్రి అనీ, తమ గోడు వింటే న్యాయం చేస్తాడన్న నమ్మకంతో రాసినవే ఎక్కువ. నాలుగేళ్ల తర్వాత ఆ రాజు తలే తెగింది. అంటే 1793లో జరిగినదాన్ని 1789 జనం మనసులోకి ఎక్కించి చదవకూడదు.

ఈ పుస్తకాలనూ కళ్లు మూసుకుని నమ్మకూడదు. చాలాచోట్ల కలం పట్టింది ఊరి ప్లీడరో, గుమాస్తానో. నమూనా ప్రతులు ఊరి నుంచి ఊరికి తిరిగాయి. ఒకే వాక్యం అక్షరం పొల్లుపోకుండా నాలుగు ఊళ్ల పుస్తకాల్లో ఉంటే అది నలుగురి గొంతు కాకపోవచ్చు. తేదీ మంచిదైనంత మాత్రాన సాక్ష్యం సంపూర్ణం కాదు, రాసిన చేయి ఎవరిదో కూడా చూడాలి.

ఆరు దేశాలు, ఆరు రంగుల పుస్తకాలు

ఇక యుద్ధం సంగతి. 1914 జూన్ 28న సారాయెవో నగరంలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌నూ, ఆయన భార్య సోఫీనీ పంతొమ్మిదేళ్ల సెర్బు యువకుడు గావ్రిలో ప్రిన్సిప్ కాల్చి చంపాడు. ముప్పై ఏడో రోజుకు, ఆగస్టు 4 నాటికి, ఐరోపాలోని పెద్ద రాజ్యాల్లో ఒక్క ఇటలీ తప్ప అన్నీ యుద్ధంలో ఉన్నాయి. ఆ మంటలు మన దాకా వచ్చాయి. సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ నౌక మద్రాసు మీద గుళ్లు కురిపించి చమురు ట్యాంకులను తగలబెట్టింది. యుద్ధం ముగిసేలోగా మనల్ని అడగకుండానే పది లక్షలకు పైగా భారతీయులను ఆ పోరాటానికి తరలించారు. అందుకే ఆ యుద్ధం ఎందుకు వచ్చిందన్నది మనకు పరాయి ప్రశ్న కాదు.

యుద్ధం మొదలైన కొద్ది నెలల్లోనే ప్రతి ప్రభుత్వమూ తన నిర్దోషిత్వానికి పత్రాల సంపుటం వేసింది. జర్మనీది తెల్ల పుస్తకం, బ్రిటన్‌ది నీలి పుస్తకం, రష్యాది నారింజ పుస్తకం, బెల్జియంది బూడిదరంగు పుస్తకం, ఫ్రాన్స్‌ది పసుపు పుస్తకం, ఆస్ట్రియాది ఎర్ర పుస్తకం. అన్నీ అధికార పత్రాలే, అన్నీ తగాదా పుట్టాక వచ్చిన కాగితాలే.

పసుపు పుస్తకంలోని 118వ పత్రం సంగతి చూడండి. రష్యా సైన్యాన్నంతా సమీకరిస్తోందని అక్కడి ఫ్రెంచి రాయబారి జూలై 31న పంపిన తంతి అది. పుస్తకంలో అచ్చైన పాఠం ప్రకారం, ఆస్ట్రియా ముందు సర్వసైన్య సమీకరణ చేసింది కాబట్టి రష్యా చేయక తప్పలేదు. తర్వాత అసలు తంతి బయటపడింది. అందులో రష్యా సమీకరణకు ఆదేశాలిచ్చిందన్న ఒక్క ముక్కే ఉంది, కారణం ఊసే లేదు. పైగా రష్యా ఆదేశం జూలై 30న వచ్చింది, ఆస్ట్రియాది 31న. వరస తలకిందులు చేయగానే నేరం చేతులు మారింది. యుద్ధ కారణాల చర్చలో గంటలూ రోజులూ ఎంత విలువైనవో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

సామ్రాజ్యాలు కూలాక బీరువాలు తెరుచుకున్నాయి. 1917 చివర్లో రష్యాలో బోల్షెవిక్కులు జారు కాలపు రహస్య ఒప్పందాలను పత్రికల్లో అచ్చు వేశారు. జర్మనీలో సోషలిస్టు నాయకుడు కార్ల్ కౌట్‌స్కీ విదేశాంగ శాఖ కాగితాలను సేకరించాడు. అవి 1919లో నాలుగు సంపుటాలుగా వెలువడ్డాయి. జర్మనీ చక్రవర్తి కైజర్ విల్హెల్మ్ తన ముందుకొచ్చిన నివేదికల అంచుల్లో గీకిన వ్యాఖ్యలు అందులో లోకం కంటపడ్డాయి. హత్య జరిగిన కొద్ది రోజులకే, సెర్బుల లెక్క ఇప్పుడే తేల్చాలి, లేకపోతే ఇక ఎప్పటికీ కుదరదన్న అర్థంలో రాశాడు. జూలై 28న, ఆస్ట్రియా తుది హెచ్చరికకు సెర్బియా ఇచ్చిన జవాబు చదివి, యుద్ధానికి ఇక కారణమే లేదని రాశాడు. రెండూ ఆ చేతివే. ఒక్కదాన్నే పట్టుకుని కైజర్ యుద్ధోన్మాది అనవచ్చు, రెండోదాన్నే పట్టుకుని శాంతికాముకుడు అనవచ్చు. న్యాయం చెప్పాలంటే రెండూ బల్ల మీద ఉండాలి.

దాచడం ఒక్కటే మోసం కాదు, ఏరి చూపించడం కూడా మోసమే. యుద్ధ నష్టాల బాధ్యత జర్మనీదీ దాని మిత్రులదీ అని యుద్ధం ముగిశాక కుదిరిన వెర్సాయ్ ఒప్పందంలోని 231వ అధికరణం తేల్చాక, ఆ మచ్చ తుడుచుకోవడానికి జర్మన్ విదేశాంగ శాఖ నడుం కట్టింది. 1922 నుంచి 1927 లోగా 40 సంపుటాల పత్రాలు అచ్చు వేయించింది. వాటిలోని కాగితాలు చాలావరకు అసలైనవే. ఏది పెట్టాలి, ఏది వదలాలి అన్న ఎంపిక మాత్రం ముద్దాయి చేతిలో ఉంది.

ఒకే కాగితం, రెండు తీర్పులు

1961లో ఫ్రిట్జ్ ఫిషర్ అనే జర్మన్ చరిత్రకారుడు తన దేశాన్నే బోనులో నిలబెట్టాడు. ప్రధాని బేత్‌మాన్ హోల్‌వెగ్ పేరు మీద ఉన్న ‘సెప్టెంబరు ప్రణాళిక’ను సాక్ష్యంగా ముందు పెట్టాడు. బెల్జియాన్ని లొంగదీయడం, ఫ్రాన్స్‌ను బలహీనపరచడం, మధ్య ఐరోపాను జర్మనీ ఆర్థిక గుప్పిట్లో పెట్టడం అందులోని లక్ష్యాలు. జర్మన్ మేధావి లోకం అట్టుడికిపోయింది. విమర్శకులు అడిగిన బలమైన ప్రశ్న మాత్రం మన పెద్దమనుషులు అడిగేదే: ఈ కాగితం తేదీ ఎంత? 1914 సెప్టెంబరు 9. యుద్ధం మొదలై అప్పటికే నెల దాటింది. ఇల్లు అంటుకున్నాక ఎవరేం దోచుకోవాలనుకున్నారో అది చెబుతుంది. నిప్పు పెట్టింది ఎవరో చెప్పడానికి అదొక్కటే చాలదు.

అప్పుడు చర్చ అంతకు ముందరి కాగితాల వైపు మళ్లింది. 1912 డిసెంబరు 8న కైజర్ తన సైనిక, నౌకాదళ పెద్దలతో సమావేశమయ్యాడు. యుద్ధం ఎలాగూ తప్పదనీ, ఎంత త్వరగా వస్తే అంత మేలనీ సేనాధిపతి మోల్ట్‌కే అన్నట్టు అడ్మిరల్ మ్యూలర్ తన డైరీలో రాశాడు. కుట్రకు ఇదే రుజువు అన్నవాళ్లున్నారు. అయితే ఆ సమావేశం ఫలితం దాదాపు సున్నా అని కూడా మ్యూలరే రాశాడు. డైరీ తేదీ మంచిదే, రాసినవాడు ఆ గదిలో ఉన్నవాడే. అయినా అది రుజువు చేసేది అక్కడ ఒక ఆలోచన ఉందని మాత్రమే. ఆలోచనకూ ఆచరణకూ మధ్య దూరాన్ని వేరే కాగితాలతో కొలవాలి.

బ్రిటన్ విషయంలోనూ తేదీలే మాట్లాడతాయి. బెల్జియం తటస్థతను కాపాడడానికే దిగామని బ్రిటన్ లోకానికి చెప్పింది. జర్మన్ సేనలు బెల్జియంలోకి అడుగుపెట్టింది ఆగస్టు 4న. ఫ్రాన్స్ ఉత్తర తీరం మీదికి జర్మన్ నౌకలు వస్తే తమ నౌకాదళం అడ్డుకుంటుందని బ్రిటిష్ ప్రభుత్వం మాటిచ్చింది ఆగస్టు 2న. బెల్జియం కారణం అబద్ధం కాదు. మంత్రివర్గంలో ఊగిసలాడుతున్న వాళ్లను ఒప్పించింది అదే. కానీ అది మొదటి కారణం కాదు.

ఇన్ని కాగితాలు తూచాక నాకు తోచిన తీర్పు ఇది. 1914 యుద్ధాన్ని ఏ ఒక్కరూ ఒంటిచేత్తో తేలేదు, అలాగని అందరిదీ సమాన దోషమూ కాదు. సెర్బియాను అణచాలని వియన్నా ముందే నిశ్చయించుకుంది. పెద్ద యుద్ధం వచ్చే ప్రమాదం తెలిసీ బెర్లిన్ జూలై 5న దానికి అభయమిచ్చింది. ఈ రెండిటి వాటా బరువైనది. సర్వసైన్య సమీకరణతో రష్యా గడువును కుదించింది. ఫ్రాన్స్, బ్రిటన్ ఆపగలిగిన చోట గట్టిగా ఆపలేదు.

మన గడప దగ్గర

ఈ తూకం మన చరిత్రకూ కావాలి. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపు మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య ప్రాణాలు వదిలాడు. తెలంగాణ సాయుధ పోరాటం అక్కడ భగ్గుమంది. కానీ వెట్టిచాకిరీ, ఆంధ్ర మహాసభ ఊరూరా చేసిన పని, తన చేను, తన పంట కోసం చాకలి ఐలమ్మ నిలబడిన తీరు అంతకు ముందరివి. ఆ తూటా ఎందుకు పేలిందో వెతికితే సరిపోదు. ఆ రోజు జనం ఎందుకు పారిపోలేదో కూడా వెతకాలి.

ఆ పోరాట నాయకులు పుచ్చలపల్లి సుందరయ్య, రావి నారాయణరెడ్డి తమ పుస్తకాలు రాసింది 1970లలో. అప్పటికి కమ్యూనిస్టు పార్టీ చీలిపోయి, ఇద్దరూ చెరో వైపు ఉన్నారు. పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలు ‘మనకు తెలియని మన చరిత్ర’గా పుస్తకరూపంలో వచ్చింది 1986లో. ఇవన్నీ వెలకట్టలేనివే. చదివేటప్పుడు మాత్రం ఆ ఏళ్ల దూరాన్ని మనసులో ఉంచుకోవాలి.

రేపు ఏ దేశమైనా యుద్ధానికి దిగి ఇదీ కారణమని చెప్పినప్పుడు, ఆ కారణం ఏ రోజు పుట్టిందో అడగండి. మరో మాట. రాజుల చిట్టాలూ మంత్రుల తంతులూ ఎవరో ఒకరు దాస్తారు. సామాన్యుల కాగితాలే చెదల పాలవుతాయి. మీ ఇంటి అటక మీద తాతల నాటి ఉత్తరాలు, శిస్తు రసీదులు, అప్పు పత్రాలు ఉంటే పారేయకండి. రేపు ఏం జరుగుతుందో తెలియని మనుషులు రాసిన మాటలవి. తేదీ చెరగకుండా దాచండి.