నేలక్రింది విషము

చెరువునీరు రంగు మారినచో ఊరంతయు గగ్గోలు పుట్టును. నేలక్రింది నీరు చెడినచో, అది తేటగా నున్నదను ధైర్యముతో బిందెల కెత్తుకొని యింటికి గొనిపోవుదుము. ఆ నీటిని త్రాగుట మానినను అపాయము తొలగదనియు, కొన్ని విషములు ఆవిరియై మట్టినుండి యింటిలోనికే వచ్చుననియు మనలో పెక్కుమంది యెరుగరు. ఈ విషయమున అమెరికాలోని యొక చిన్న పట్టణపు అనుభవమును పాఠకులకు దెలుపగోరుచున్నాము.

న్యూయార్కు రాష్ట్రమందలి ఎండికాటు పట్టణమున ఐ.బి.యం. వారి కర్మాగారము చిరకాలము నడచెను. 1979లో అచ్చట లోహపు భాగములను కడుగు ద్రావకము 4,100 గ్యాలనులు నేలపాలయ్యెను. పరీక్షింపగా ట్రైక్లోరోఎథిలీను మున్నగు ఇతర ద్రావకములును భూగర్భజలమున జేరియుండుట బయటపడినది. నాటినుండి బావులద్వారా చెడిన నీటిని తోడి శుద్ధిచేయుట కారంభించిరి. నీటిపని జరుగుచున్నది గదా యని ఇరువది యేండ్లకు పైగా గడచిపోయెను. ఇండ్లలోని గాలి మాట 2002 ప్రాంతమున గాని పైకి రాలేదు. అప్పుడు పరీక్షించి, సుమారు 480 కట్టడములకు రక్షణసాధనము లమర్పవలసివచ్చెను. ట్రైక్లోరోఎథిలీను కేన్సరుకారకమని అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 2011లో నిర్ణయించినది.

ఈ ద్రవము నీటికంటె బరువైనది. అడుగునకు దిగి బంకమట్టి పొరలలోను రాతి పగుళ్లలోను నిలిచి, యేండ్లతరబడి కొంచెము కొంచెముగ నీటిలో కరగుచుండును. అట్లు కరగినది సులభముగ నావిరియై, మట్టి సందులగుండ పైకి ప్రాకి, గచ్చు పగుళ్లనుండియు గొట్టములు దూర్చిన కంతలనుండియు గదులలో ప్రవేశించును. ఇందులకు విరుగుడుగా గచ్చునకు రంధ్రము చేసి గొట్టము దింపి, ఫ్యానుతో నేలక్రింది గాలిని లాగి యింటికప్పుపైన వదలుదురు. దీనివలన ఇంటివారికి రక్షణ కలుగునే గాని నేల శుద్ధికాదు. నేల శుద్ధికై చెడిన మట్టిని త్రవ్వి తీయుదురు. లేదా మట్టిలోని యావిరిని బావులద్వారా లాగుదురు. లేదా విషమును విరిచివేయు సూక్ష్మజీవులను పోషింతురు. ఏ మార్గమైనను ధనమును ఓర్పును మిక్కిలిగ కోరును.

దూరదేశపు ముచ్చట మనకేల యనరాదు. పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతముల కాలుష్యము 1990లోనే సర్వోన్నత న్యాయస్థానము నెదుటికి వచ్చినది. ఆ ప్రాంతపు గ్రామముల బావులలో మందుల యవశేషములున్నవని 2009లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. న్యాయస్థానపు టాజ్ఞలవలన పల్లెలకు వేరొకచోటి మంచినీరు వచ్చెను. అది దప్పిక తీర్చును, సందేహములేదు. కాని బావి యట్లే యున్నది, దాని చుట్టునున్న మట్టియు నట్లే యున్నది. ఔషధపరిశ్రమకు ద్రావకముల వాడుక మెండు. కావున అట్టి చోట్ల నీటిని మాత్రమే పరీక్షించి తృప్తినొందుట చాలదు. ఇండ్ల చెంత మట్టిలోని గాలినిగూడ పరీక్షింపవలెను. ఫలితములను తెనుగున వ్రాసి గ్రామపంచాయతీ గోడపై నంటింపవలెను. వ్యయము ప్రజలమీద పడరాదు. రాజస్థానమందలి బిచ్రీ గ్రామపు వ్యాజ్యమున, పాడుచేసినవారే శుద్ధివ్యయమును భరింపవలెనని సర్వోన్నత న్యాయస్థానము 1996లోనే తీర్పు చెప్పియున్నది.

భూస్వాములకు ప్రత్యేకముగ నొక మాట. నగరము పెరిగి కర్మాగారముల నేలలు ఇండ్లస్థలములగునపుడు, అమ్మువాడు దస్తావేజు చూపుచున్నాడు, కొనువాడు హద్దులు కొలుచుకొనుచున్నాడు. నేలక్రింద నేమున్నదో ఇరువురును అడుగుటలేదు. మట్టిని నీటిని పరీక్షించిన పత్రము లేనిదే అట్టి స్థలమును అమ్మరాదు, కొనరాదు అని మా యభిప్రాయము. ఆ గచ్చుమీద రేపు పాకబోవు పసిబిడ్డ మన దస్తావేజును చదువజాలదు. దానికొరకు మనమే ముందుగ చదువవలెను.