స్వరలేఖనం – అమ్మగారి నోటు పుస్తకం

రాయ్‌పూర్ నగరానికి పడమటి వాకిలి వంటిది టాటీబంధ్. భిలాయ్ వైపు సాగిపోయే గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు మీద రాత్రింబవళ్లు లారీల రొద వినవస్తూనే ఉంటుంది. ఆ రొదకు అలవాటుపడిన ఇళ్లలో మాది ఒకటి. ముప్పయ్యేళ్ల క్రితం ఉద్యోగరీత్యా విజయనగరం నుండి ఇక్కడికి వచ్చినప్పుడు మా సామానులో ఒక రేకు పెట్టె ఉన్నది. అందులో మా అమ్మగారి సంగీతం నోటు పుస్తకం ఉన్నది. చిన్నతనంలో నేర్చుకున్న సరళీ స్వరాలు, అలంకారాలు, గీతాలు, కొన్ని వర్ణాలు, కృతులు ఆమె అందులో తెలుగు లిపిలో నీలి సిరాతో పొందికగా వ్రాసుకున్నారు.

అమ్మగారు కాలధర్మం చెందిన తరువాత ఆ పుస్తకాన్ని మా అమ్మాయి అడిగి తీసుకున్నది. ఆమె ఇక్కడే పుట్టి పెరిగినది. బడి చదువంతా హిందీలోనే సాగింది. ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడుతుంది కాని చదవలేదు. అయితే ఏడేళ్లుగా హిందుస్తానీ గాత్రం నేర్చుకుంటున్నది కనుక భాత్‌ఖండే పద్ధతి స్వరలిపిని తడుముకోకుండా చదవగలదు. "నాన్నా, నాయనమ్మ పాటలు నాకు నాగరి లిపిలో వ్రాసి పెడతావా?" అని అడిగింది. మేమా, ఉద్యోగ జీవితమంతా డ్రాయింగులతోనే గడిపినవారము. ఏడు అక్షరాలను ఒక లిపి నుండి మరొక లిపికి మార్చడం ఏపాటి పని అనుకున్నాము. రెండు ఆదివారాలు కూర్చుని నలభై పుటలు ఎత్తి వ్రాసి ఇచ్చాము.

ఆ వ్రాతలో దొర్లిన పొరపాట్లు ఏవి, వాటి కారణాలు వెదుకుతూ పోగా మాకు తెలిసివచ్చినది ఏమిటి అన్న సంగతులను పాఠకులతో పంచుకొనడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎక్కడ పొరబడ్డాము?

అమ్మాయి హార్మోనియం ముందు కూర్చుని మొదటి సరళీ స్వరం వాయించింది. మాయామాళవగౌళలో ఉండవలసిన పాఠం హిందుస్తానీ వారి బిలావల్‌గా, అనగా మన శంకరాభరణపు స్వరాలతో వినిపించింది. మన పద్ధతిలో 'రి' అని వ్రాస్తే అది శుద్ధ రిషభమో చతుశ్శ్రుతి రిషభమో ఆ అక్షరం చెప్పదు. పుట పైన వ్రాసిన రాగం పేరును బట్టి గ్రహించాలి. భాత్‌ఖండే పద్ధతిలో కోమల స్వరమైతే అక్షరం కింద అడ్డగీత ఉండి తీరాలి. మేము రిషభ ధైవతాల కింద ఆ గీతలు పెట్టలేదు. చదివిన పిల్ల తప్పు ఇందులో ఏమీ లేదు.

రెండవ పొరపాటు దీనికి సరిగ్గా ఎదురు. మన అచ్చు పుస్తకాలలో వేగంగా పలుకవలసిన స్వరాల పైన గీత ఉంటుంది. ఒక గీత ఉంటే కాలం సగం, రెండు గీతలుంటే పావు. అమ్మగారు మాత్రం ఈ గీతలను స్వరాల కింద గీసుకునేవారు. మోహన రాగ వర్ణంలోని అటువంటి గీతలను మేము ఉన్నవి ఉన్నట్లుగా దించాము. దానితో రిషభ, గాంధార, ధైవతాలు కోమలాలై మోహనం రూపురేఖలే మారిపోయాయి. "నాన్నా, స కింద, ప కింద కూడా గీతలున్నాయి. వాటికి కోమలం ఉండదు కదా?" అని అమ్మాయి అడిగింది. నిజమే, షడ్జ పంచమాలు చలించని స్వరాలు. అది స్వరస్థానాన్ని తెలిపే గీత కాదనీ, కాలాన్ని తెలిపే గీత అనీ ఆ ప్రశ్నతోనే మాకు స్ఫురించింది.

మూడవది మరికొంత సూక్ష్మమైనది. తెలుగులో 'స' హ్రస్వమైతే ఒక అక్షరకాలం, 'సా' దీర్ఘమైతే రెండు. కామా పెడితే ఒకటి, సెమికోలన్ పెడితే రెండు అదనం. గుణింతమే కాలమానంగా ఉపకరించడం మన లిపికి దక్కిన వరం. హిందుస్తానీ వారికైతే ఆ స్వరాల పేర్లే 'సా', 'రే'. పేరులో దీర్ఘం ఉన్నంత మాత్రాన కాలం పెరగదు. పొడిగించవలసిన చోట పక్కన చిన్న గీత పెడతారు. మేము 'రీ' అని వ్రాసిన చోటనల్లా అమ్మాయి ఒక మాత్రతో సరిపెట్టింది. ఆవృత్తం పూర్తికాక ముందే స్వరాలు అయిపోయాయి.

ఎట్టయపురంలో ఎదురుపడిన రెండు దారులు

ఈ రెండు లిపుల చరిత్ర తెలుసుకుంటే, మా ఇంట జరిగినది కొత్త విషయం కాదని బోధపడింది. మన సంగీతం ప్రధానంగా గురుముఖతః నేర్చే విద్య. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో మద్రాసులో తచ్చూరు సింగరాచార్యుల సోదరులు వంటివారు తెలుగు లిపిలో స్వరసహితంగా పుస్తకాలు అచ్చు వేయించిన తరువాత ఆ విద్య ముద్రణలోకి విరివిగా వచ్చింది. ఆ రోజులలో దక్షిణాదిన సంగీతపు భాష తెలుగే కనుక తమిళదేశంలోని విద్వాంసులు సైతం తెలుగు లిపినే వాడేవారు.

మద్రాసు ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగి అయిన చిన్నస్వామి మొదలియార్ వేరొక మార్గం తొక్కారు. మన కృతులు ప్రపంచమంతటికీ అందాలంటే పాశ్చాత్యుల అయిదు గీతల స్టాఫ్ నొటేషన్‌లో వ్రాయాలని భావించి, 1893లో ఆ ప్రకారం ప్రచురణకు పూనుకున్నారు. నేటి తూత్తుక్కుడి జిల్లాలోని ఎట్టయపురం సంస్థానంలో ఉన్న సుబ్బరామ దీక్షితులను, తమ వంశంలో నిలిచిన సంగీత సంపదను లోకానికి అందించవలసిందని ప్రోత్సహించినవారిలో మొదలియార్ ముఖ్యులు.

ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలస్వామి దీక్షితులకు సుబ్బరామ దీక్షితులు (1839–1906) దౌహిత్రుడు, దత్తపుత్రుడు. సంస్థానాధీశుని ఆదరణతో ఆయన 1904లో, తమ అరవై అయిదవ ఏట, 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అనే మహాగ్రంథాన్ని తెలుగు లిపిలో వెలువరించారు. ముత్తుస్వామి దీక్షితుల కృతులే అందులో 229 ఉన్నవి. స్వరాలను వ్రాసి ఊరుకోక, గమకాలకు సైతం ఆయన గుర్తులు ఏర్పరచారు. కంపితానికి అలల గీత, జారుకు వాలుగీత, స్ఫురితానికి మూడు చుక్కలు, ఒదుక్కల్‌కు అడ్డంగా కొట్టిన రెండు గీతల గుర్తు – ఈ విధంగా ఒక్కొక్క గమకానికి ఒక్కొక్క చిహ్నం. గొంతులోని కదలికను కాగితం మీద పట్టి నిలపడానికి మన దేశంలో జరిగిన గొప్ప ప్రయత్నాలలో ఇది ఒకటి.

అదే 1904లో బొంబాయి నుండి ఒక న్యాయవాది దక్షిణదేశ యాత్రకు బయలుదేరి ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులను దర్శించుకున్నారు. ఆయనే విష్ణు నారాయణ భాత్‌ఖండే (1860–1936). ఉత్తరాదిన ఘరానాల గుప్పిట ఉన్న సంగీతాన్ని సామాన్య విద్యార్థికి అందించాలన్నది ఆయన ఆశయం. కొద్దిపాటి గుర్తులతో, ఏ అచ్చుకూటంలోనైనా కూర్చగలిగిన స్వరలిపిని ఆయన ప్రచారం చేశారు. అక్షరం కింద గీత కోమలానికి, పైన నిలువుగీత తీవ్ర మధ్యమానికి, పైచుక్క తార స్థాయికి, కిందిచుక్క మంద్రానికి. 1901లో లాహోరులో గాంధర్వ మహావిద్యాలయం స్థాపించిన విష్ణు దిగంబర్ పలుస్కర్ పద్ధతి ఇంకొకటి. రవీంద్ర సంగీతానికి నేటికీ వాడుకలో ఉన్న 'ఆకార్‌మాత్రిక్' పద్ధతి ఠాగూరుగారి అన్న జ్యోతిరింద్రనాథ్ పేరుతో ముడిపడినది.

మన ఛత్తీస్‌గఢ్‌లోని ఖైరాగఢ్‌లో 1956లో నెలకొన్న ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం సంగీతానికీ లలితకళలకూ అంకితమైన సంస్థ. ఈ ప్రాంతపు పిల్లలు ఎక్కువగా నేర్చేది హిందుస్తానీ సంగీతమే. ఆనాడు ఎట్టయపురంలో ఎదురుపడిన ఆ రెండు దారులే టాటీబంధ్‌లోని మా ఇంటి హార్మోనియం ముందు మళ్లీ ఎదురుపడ్డాయి. రెండింటిలోను గీతలున్నవి, గుణకారపు గుర్తులున్నవి. అర్థాలు మాత్రం వేరు. ప్రదర్శినిలో ఒదుక్కల్‌ను తెలిపే గుర్తు భాత్‌ఖండే పుస్తకంలో తాళపు 'సమ్' అవుతుంది.

సంస్కరణల చరిత్ర

ఈ చిక్కు మన దేశానికే పరిమితం కాదు. ఫ్రెంచి తత్త్వవేత్త రూసో 1742లో పారిస్ విజ్ఞాన అకాడమీ ముందు ఒక ప్రతిపాదన ఉంచారు. అయిదు గీతలకు బదులు ఒకటి నుండి ఏడు వరకు అంకెలు వాడితే చాలునన్నారు. సంగీతజ్ఞుడు రామో దానికి చెప్పిన అభ్యంతరం ఆలోచించదగినది. గీతల మీద స్వరం ఎక్కడం, దిగడం కంటికే కనబడుతుంది. అంకెలనైతే ఒక్కొక్కటిగా చదువుకోవాలి. రూసో మాట ఆనాడు నెగ్గలేదు. కాని అంకెల పద్ధతి అంతరించలేదు. దాని సంతతికి చెందిన 'జియాన్‌పు' చైనాలో నేటికీ విస్తృతంగా వాడుకలో ఉన్నది.

1931లో హాలండుకు చెందిన కార్నెలిస్ పాట్ 'క్లావర్‌స్క్రీబో' అనే పద్ధతిని ప్రవేశపెట్టారు. అందులో గీతలు నిలువుగా, పియానో నల్ల మెట్ల వరుసలోనే ఉంటాయి. చదవడం పైనుండి కిందికి సాగుతుంది. మెట్టు ఎక్కడో కాగితం మీదనే చూపడం వలన నేర్చుకునేవారికి ఇది సులభం. అయినా అది అయిదు గీతలను తొలగించలేకపోయింది. శతాబ్దాలుగా అచ్చయిన గ్రంథాలు, వాటికి అలవాటుపడిన కళ్లు పాత పద్ధతి పక్షాన నిలిచాయి. మన దేశంలో 1916 నాటి బరోడా అఖిల భారత సంగీత సమ్మేళనం ముందున్న అంశాలలో ఏకరూప స్వరలేఖనం ఒకటి. నేటికీ దేశమంతటికీ ఒకే స్వరలిపి లేదు.

ఇంజనీరు దృష్టిలో

మన వృత్తిలో ఒక ఉపమానం చెప్పుకోవచ్చును. ఒకే యంత్రభాగాన్ని ఫస్ట్ యాంగిల్‌లోను గీయవచ్చు, థర్డ్ యాంగిల్‌లోను గీయవచ్చు. రెండూ సరైనవే. ఏది వాడినదీ చెప్పకపోతే మాత్రం వర్క్‌షాపులో రంధ్రం ఎడమకు బదులు కుడివైపు పడుతుంది. అందుకే టైటిల్ బ్లాక్‌లో చిన్న గుర్తు వేస్తాము. ఆ గుర్తు లేని డ్రాయింగును ఏ ఫోర్‌మన్ కూడా నమ్మడు. ఇంతటి జాగ్రత్త నేర్చిన మేము అమ్మగారి పుస్తకం విషయంలో టైటిల్ బ్లాకే మరచిపోయాము. లోపం తెలుగు లిపిలోను లేదు, నాగరి లిపిలోను లేదు. ఏ గీతకు ఏ అర్థమో చెప్పకుండా ఎత్తి వ్రాయడంలోనే ఉన్నది.

ఇంకొక పరిమితి ఉన్నది. భిలాయ్‌లో ఉన్న మా అక్కయ్య ఒకనాడు వచ్చి, సరిదిద్దిన ప్రతిలోని తోడి రాగ కృతిని విన్నది. "స్వరాలన్నీ సరిగానే ఉన్నాయిరా తమ్ముడూ, తోడి మాత్రం లేదు" అన్నది. తోడిలో గాంధారం కదలకుండా నిలిస్తే అది తోడి కాదు. అమ్మగారి పుస్తకంలో అక్కడ 'గ' అన్న అక్షరం తప్ప మరే గుర్తు లేదు. ఆ కదలిక ఆమె గొంతులో ఉండేది, వ్రాసుకొనవలసిన అవసరం ఆమెకు కలగలేదు. అక్కయ్య పాడి చూపింది. అమ్మాయి ఆమెతో మూడుసార్లు పాడించుకుని, తన ఫోనులో భద్రపరచుకున్నది. అమ్మగారి వద్ద ఆ పాఠం విన్నవారిలో మిగిలినది అక్కయ్య ఒక్కరే. మరి కొన్నేళ్లు ఆలస్యమై ఉంటే, ఆ 'గ' ఏ లిపిలో ఉన్నా మూగగానే మిగిలేది.

మనం చేయదగినది

మన సంస్థలోని తెలుగు కుటుంబాలలో ఇటువంటి పుస్తకాలు తప్పక ఉంటాయి. స్వానుభవంతో కొన్ని సూచనలు చేస్తున్నాము.

మొదటిది, మూల పుస్తకాన్ని ముందుగా పుటపుటకూ ఫోటో తీసి ఉంచాలి. ఎత్తి వ్రాసిన ప్రతి ఎంత చక్కగా ఉన్నా మూలాన్ని పారవేయరాదు.

రెండవది, కొత్త ప్రతి మొదటి పుటలో రాగం, దాని స్వరస్థానాలు, తాళం, గీతలకూ చుక్కలకూ గల అర్థం స్పష్టంగా వ్రాయాలి.

మూడవది, నాగరిలోకి మార్చేటప్పుడు కోమల, తీవ్ర గుర్తులు ప్రతి స్వరానికీ చేర్చాలి. దీర్ఘాలను అదనపు మాత్రలుగా విడదీసి చూపాలి.

నాల్గవది, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆ పాఠం తెలిసిన పెద్దలు ఇంట ఉండగానే వారిచేత పాడించి, ఆ ధ్వనిముద్రణను పుస్తకంతో పాటు దాచాలి.

మా అమ్మాయి ఇప్పుడు వేరొక పనికి పూనుకున్నది. "నాన్నా, నువ్వు వ్రాసిన దానికంటే నాయనమ్మ వ్రాసినదే చదువుకుంటాను" అని తెలుగు అక్షరాలు దిద్దుతున్నది. అ ఆ లతో కాక స రి గ మ ప ద ని లతో మొదలుపెట్టి, వాటి దీర్ఘాల వరకు వచ్చింది. నాగరి ప్రతిని పక్కన పెట్టుకుని, సందేహం కలిగిన చోట సరిచూసుకుంటున్నది. నిన్న సాయంత్రం మోహన వర్ణంలో ఒక ఆవృత్తం మూల పుస్తకంలోనే చూసి పాడింది. ఒకచోట గీత సంగతి మరచి ఆగి, మళ్లీ మొదటి నుండి అందుకున్నది.