మూలం మారకుండానే తప్పే అనువాదం: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తెలుగీకరణలో ఒక సమస్య

గ్నోమ్, కేడీఈ, లిబ్రెఆఫీస్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లలో ప్రోగ్రాము రాసేవారు ఒకచోట, దానిని తెలుగులోకి తెచ్చేవారు మరొకచోట ఉంటారు. మూలంలో మార్పు జరిగినట్లు అనువాదకునికి ఎలా తెలుస్తుంది? ఇది సాంకేతిక ప్రశ్నగా కనిపించినా, తెలుగు విషయంలో వ్యాకరణ ప్రశ్న కూడా.

ఈ ప్రాజెక్టులలో చాలావాటికి ఆధారం గ్నూ గెట్‌టెక్స్ట్. ఆంగ్లవాక్యంలో ఒక్క విరామచిహ్నం మారినా అది పాత అనువాదానికి ‘ఫజీ’ అనే గుర్తు పెడుతుంది. అనువాదకుడు సరిచూసేవరకు తెరపై తెలుగు తొలగి ఆంగ్లమే కనిపిస్తుంది. అందుకే గ్నోమ్ ప్రతి విడుదలకు ముందు వాక్యాలను స్తంభింపజేస్తుంది; ఆ తరువాత మార్చాలంటే అనువాద బృందం ఆమోదం కావాలి. చేతులు తక్కువగా ఉన్న భాషకు ఆ వ్యవధి ఎంతో అవసరం.

అయితే అక్షరం మారకుండా ప్రయోగం మారితే ఈ ఏర్పాటు పనిచేయదు. కొల్లేటి పక్షులను లెక్కించే ఒక ప్రోగ్రామును ఊహించుదాం. ఆటపాకలో పన్నెండు పెలికాన్ పక్షులు కనిపిస్తే ఆంగ్లంలో ‘12 ఫౌండ్’ అని వస్తుంది. తెలుగులో ‘12 కనిపించాయి’. కొంతకాలానికి అదే వాక్యాన్ని పడవవాళ్ల పట్టికకూ వాడారనుకుందాం. ఆంగ్లానికి ఇబ్బంది లేదు. తెలుగుకు ‘12 మంది కనిపించారు’ అని ఉండాలి. వాక్యం ఒకటే కనుక గెట్‌టెక్స్ట్ రెండింటికీ ఒకే అనువాదం ఇస్తుంది, ఏ గుర్తూ పెట్టదు. పడవవాళ్లు పక్షులతో సమానంగా ‘కనిపించాయి’! ఏకవచన బహువచనాలకు వేర్వేరు రూపాలిచ్చే సదుపాయం ఉన్నా, అది సంఖ్యనే చూస్తుంది, మహదమహద్భేదాన్ని ఎరుగదు.

కాబట్టి చెప్పవలసినది మనిషే. ప్రోగ్రాము రాసేవారు వాక్యానికి ముందు వ్యాఖ్య రాయవచ్చు, లేదా ‘పక్షులు’, ‘మనుషులు’ అంటూ సందర్భసూచిక జోడించవచ్చు. నా దృష్టిలో రెండవదే మేలు. వ్యాఖ్య కొత్తగా చేరినా పాత అనువాదం యథాతథంగా చెల్లుబాటవుతుంది. దానిని ఎవరూ తెరిచి చూడకపోవచ్చు. సందర్భసూచిక చేరితే అది కొత్త పద్దుగా లెక్కకు వచ్చి అనువాదకుని ముందు నిలుస్తుంది.

తాడేపల్లిగూడెం జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో ప్రోగ్రాములు రాసే విద్యార్థులకు, ఏలూరు కళాశాలల్లో తెలుగు వ్యాకరణం చదివే విద్యార్థులకు మధ్య దూరం యాభై కిలోమీటర్ల లోపే. ఏ వాక్యానికి సందర్భసూచిక అవసరమో మొదటివారికి తోచదు. రెండవవారికి ఆ వాక్యాలు చేరవు.