కవాటపు లిఫ్టు, పుష్‌రాడ్ పొడవు కొలత

కామ్‌షాఫ్టు క్రింద దిమ్మెలోను, కవాటాలు పైన హెడ్డులోను ఉండే ఇంజనులలో కామ్ కదలికను పైకి చేరవేసే కడ్డీని పుష్‌రాడ్ అంటారు. ఇది టాపెట్ మీద నిలబడి రాకర్ ఆర్మ్ ఒక కొసను పైకి నెట్టగా, రెండవ కొస కవాటాన్ని నొక్కి తెరుస్తుంది. కవాటం తన పీఠం నుండి కదిలిన గరిష్ఠ దూరమే లిఫ్టు.

గోదావరి డెల్టాలో

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుండి డెల్టా కాలువలలో నీరు పల్లానికి తానే పారుతున్నది. అయితే దాళ్వాలో శివారు భూములకు నీరు చాలనప్పుడు రైతులు మురుగు కాలువల నుండి ఆయిల్ ఇంజనులతో తోడుకుంటారు. ఈ ఇంజనులలో పుష్‌రాడ్ అమరిక సాధారణం. చల్లబరిచే నీరు అందక ఇంజను వేడెక్కితే హెడ్డు వంగుతుంది; దానిని చదును చేయిస్తారు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. అర మిల్లీమీటరు లోహం తీస్తే రాకర్ అంతే క్రిందికి దిగుతుంది, పుష్‌రాడ్ మాత్రం పాత పొడవే. రాకర్ నిష్పత్తి 1.5 అయితే కవాటం వద్ద 0.75 మి.మీ. ఖాళీ పోతుంది. ఉండవలసిన ఖాళీ సాధారణంగా 0.2 నుండి 0.3 మి.మీ. మాత్రమే! సర్దుబాటు మరను తిప్పకుండా బిగిస్తే కవాటం పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ పోయి ఇంజను అందుకోదు. పీఠానికి వేడిని వదలలేక ఎగ్జాస్టు కవాటం కాలిపోతుంది. చేను ఎండే సమయంలో ఇది చిన్న నష్టం కాదు. టాపెట్ చప్పుడును బట్టి ఖాళీ నిర్ణయించడం సరికాదు, చప్పుడు లేదంటే అసలు ఖాళీయే లేకపోవచ్చు.

కొలిచే విధానం

కంప్రెషన్ చివర పిస్టను పైకొసకు చేరినప్పుడు రెండు కవాటాలూ మూసి ఉంటాయి. అప్పుడు ఫీలర్ గేజితో ఖాళీ చూడాలి. తరువాత కవాటపు స్ప్రింగు టోపీపై డయల్ గేజిని సున్నాకు నిలిపి, ఇంజనును చేతితో మెల్లగా తిప్పి గరిష్ఠ కొలతను గుర్తించాలి. కామ్ ఎత్తు 6 మి.మీ., నిష్పత్తి 1.5, ఖాళీ 0.25 మి.మీ. అయితే లిఫ్టు 8.75 మి.మీ. రావాలి. తగ్గితే కామ్ అరిగిందనో, పుష్‌రాడ్ వంగుతున్నదనో అనుమానించాలి.

పందెపు ఇంజనులలో ఎక్కువ లిఫ్టు గల కామ్ వేసినప్పుడు పుష్‌రాడ్ పొడవు కూడా మళ్ళీ నిర్ణయించాలి. 1955లో వచ్చిన షెవ్రొలే స్మాల్ బ్లాక్ వి8 ఇంజను రాకర్ నిష్పత్తి కూడా 1.5. పొడవు మార్చగలిగే పుష్‌రాడ్‌ను అమర్చి, కవాటపు కాడ కొసకు సిరా పూసి కొన్ని చుట్లు తిప్పుతారు. రాకర్ రాసిన గీత సన్నగా, నడుమకు దగ్గరగా ఉంటే పొడవు సరిపోయినట్లు. గీత వెడల్పుగా ఉన్నా, అంచుకు జరిగినా కవాటపు గైడు త్వరగా అరుగుతుంది. హైడ్రాలిక్ టాపెట్లు ఒత్తిడికి కుంగి తప్పుడు కొలతనిస్తాయి. కొలిచేంతవరకు గట్టి టాపెట్లు వాడాలి.

చదును చేసిన హెడ్డులో కవాటపు తల పిస్టనుకు దగ్గరవుతుంది. పిస్టను మీద మెత్తని బంకమట్టి ఉంచి, హెడ్డు బిగించి, రెండు చుట్లు తిప్పి, విప్పి, అణగిన మట్టి మందాన్ని కొలిస్తే మిగిలిన ఎడం తెలుస్తుంది.